గచ్చిబౌలి భాయిల 'అబ్ క్యా?'

గచ్చిబౌలిలో ఒక కొత్త బీమారీ నడుస్తోంది. దానికి డాక్టర్లు ఇంకా పేరు పెట్టలేదు గానీ మందులమ్మే దుకాణాలు మాత్రం చాలానే తెరుచుకున్నయ్. మనిషికి నలభై దాటుతయ్. ఫ్లాట్ ఉంది, లోన్ తీరిపోయింది. కారుంది. పిల్లలు ఇంటర్నేషనల్ స్కూల్లో ఉన్నారు. అమెరికా పోయొచ్చాడు, లేదంటే పోనక్కర్లేదని తేల్చుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసులో ఏమేం కావాలనుకున్నాడో అన్నీ అయిపోయినయ్. ఇప్పుడు రాత్రి పదకొండింటికి బాల్కనీలో నిలబడి, కింద కార్ల లైట్లు చూసుకుంటా "అబ్ క్యా?" అంటున్నాడు.

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకొచ్చేసరికి అదే మాట పందెం అయిపోయింది, ఛాలెంజ్ అయిపోయింది. మావాళ్లకి సరిగ్గా అదే జరిగింది. దిల్‌లో పుట్టిన సవాల్‌ని తెలుగు సవాలు కింద తీసుకున్నారు. ప్రశ్న మీద కూర్చుని ఫికర్ చెయ్యాల్సిన చోట, ఇంకో పోటీకి పేరిచ్చేశారు. హాఫ్ మారథాన్ అయింది, ఇక ఫుల్ మారథాన్. ఎవరెస్ట్ బేస్ క్యాంప్. ఫ్లాట్ పోయి విల్లా. నలభై ఐదుకే రిటైర్మెంట్, దానికో ఎక్సెల్ షీటు. ఇదేదీ కుదరనోళ్లకి రిసార్టులో రెండు రోజుల వర్క్‌షాప్. అక్కడ మైకు పట్టుకున్న సాబ్ "మీ పర్పస్ మీలోనే ఉంది" అంటాడు. నాలోనే ఉంటే నీకు ఫీజెందుకు మియా?

నాకు ఈ మనుషుల మీద నఫ్రత్ లేదు. వాళ్లలో కొందరు నా క్లాస్‌మేట్లే. నేను చదివింది పాతబస్తీలో ఉర్దూ మీడియం బడి. డిగ్రీలో నేను తెలుగు వైపు తిరిగినా, వాళ్లు కంప్యూటర్ వైపు పోయారు. 1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మా అందరికీ మంజిల్ ఒక్కటే, నయాపుల్ దాటాలి. దాటి మెహదీపట్నం దాకా కాదు, ఆ గుండ్రటి బిల్డింగ్ దాకా పోవాలి. అదే 1998లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ మొదలైంది, దాని క్యాంపస్ కూడా గచ్చిబౌలిలోనే. అయినా మా గల్లీలో ఎవరి ఖ్వాబ్‌లోకీ అది రాలేదు, టవర్ ఒక్కటే వచ్చింది. తప్పేం కాదు, ఇంటికి రొట్టె కావాలి. అబ్బా ఆటో తోలి, అమ్మీ జర్దోజీ కుట్టి చదివిస్తే, ఆ పిల్లగాడు జీతం గురించి కాక ఇంకేం ఆలోచిస్తాడు? వాళ్లు మెహనత్ చేశారు, కామ్‌యాబ్ అయ్యారు. ముబారక్.

నా ఝగ్డా వాళ్ల కామ్‌యాబీతో కాదు. దాని తర్వాత వాళ్లు వెతుక్కుంటున్న జవాబుతో.

మా తరక్కీపసంద్ దోస్తులు కొందరు ఈ మాటెత్తితే నవ్వుతారు. "పేట్ భరే లోగోంకీ బీమారీ, వదిలెయ్" అంటారు. అదే టవర్ కింద గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌కి ఈ ప్రశ్న లేదు కదా అంటారు. లేదు, నిజమే. వాచ్‌మన్‌కి బిడ్డ ఫీజు ఉంది, ఊళ్లో అప్పుంది. ఆ అప్పునే మక్సద్ అని పిలిచి గరీబీకి పూలదండ వెయ్యడం నాకు నచ్చదు. రేపు వాచ్‌మన్ కొడుక్కీ కడుపు నిండుతుంది, ఇన్షా అల్లాహ్. ఆ రోజు వాడూ ఇదే అడుగుతాడు. కడుపు నిండాకే వచ్చే ప్రశ్న కాబట్టి అది ఝూటా ప్రశ్న అయిపోదు.

జవాబు కోసం రిసార్టు దాకా పోనక్కర్లేదు. గచ్చిబౌలిలోనే ఒక మనిషి ఇరవై ఏళ్లకు పైగా దాన్ని అందరి కళ్ల ముందే చేసి చూపిస్తున్నాడు.

2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. సెమీస్‌లో పీటర్ గేడ్‌ని, ఫైనల్లో చైనా చెన్ హాంగ్‌ని ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ కప్పు తెచ్చిన రెండో హిందుస్తానీ. అప్పటికి ఆయనకి 27 ఏళ్లు. మోకాలు దెబ్బతిని, ఆపరేషన్లు చేయించుకుని, మళ్లీ నిలబడి కొట్టిన దెబ్బ అది. బ్యాడ్మింటన్ ఆడేవాడికి అంతకన్నా పెద్ద తమన్నా చాలా తక్కువ. అంటే మన భాయిలకి నలభై ఐదులో వచ్చిన "అబ్ క్యా" ఆయనకి 27లోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఏం చెయ్యొచ్చు? కూల్‌డ్రింక్ కంపెనీ పైసలిస్తానంది. తను తాగనిది జనాన్ని తాగమని చెప్పనన్నాడు. 2003లో సర్కారు గచ్చిబౌలిలో ఐదెకరాల జమీన్ ఇచ్చింది. సర్కారు మదద్ ఉంది, దాచేదేం లేదు. కానీ జమీన్ మీద కోర్టులు వాటంతటవే మొలవవు. పైసల కోసం తిరిగాడు, ఇల్లు తాకట్టు పెట్టారు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ముందుకొచ్చారు. 2008కి అకాడమీ తయారైంది. అప్పటినుంచి చీకటితోనే లేచి పిల్లలకి షటిల్ వెయ్యడమే పని. 2012 లండన్‌లో సైనాకి కాంస్యం. 2016 రియోలో సింధుకి రజతం. 2017లో శ్రీకాంత్ ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్‌లు.

"అది కూడా ఇంకో గోలే కదా, కప్పు పోయి మెడల్ వచ్చింది" అన్నాడు ఒక క్లాస్‌మేట్, డీఎల్ఎఫ్ ముందు బండి దగ్గర చాయ్ తాగుతూ. తెలివైన మాట, కానీ ఘలత్. రియో ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. సింధు, కరోలినా మారిన్ మూడో గేమ్ ఆడుతుంటే గోపీచంద్ కుర్చీలో ఉన్నాడు. రాకెట్ ఆయన చేతిలో లేదు. గెలిస్తే మెడల్ ఆయన మెడలో పడదు. మీ ప్రమోషన్‌కీ దీనికీ ఫరక్ అదే. పైగా ఆ అకాడమీలో చేరిన పిల్లల్లో చాలామందికి ఏ మెడలూ రాదు. మర్నాడు పొద్దున వాళ్లకీ షటిల్ వెయ్యాల్సిందే. మెడలే మక్సద్ అయితే ఆ పిల్లలకి ఆయన ఎందుకు లేస్తాడు?

ఇంకొకడు అంటాడు, "గోపీచంద్ గొప్పోడు భాయ్, మనం మామూలోళ్లం." సరే, మామూలోళ్ల దగ్గరికే పోదాం. గోపీచంద్‌కి మొదట్లో ఆట నేర్పింది ఎవరు? మన హైదరాబాదీ సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్. ఆరిఫ్ సాబ్ దగ్గరే సైనా ఆడింది, జ్వాలా గుత్తా ఆడింది. ఐటీ కారిడార్ అన్న మాట పుట్టకముందు నుంచీ ఆ మనిషి కోర్టు పక్కన నిలబడి ఉన్నాడు. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినయ్. ఇంకా మామూలు పేరు కావాలా? చిన్నప్పటి సింధుకి మొదటి పాఠాలు చెప్పింది మెహబూబ్ అలీ, సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ ఇంజనీర్ల సంస్థ కోర్టుల్లో. రియో రాత్రి టీవీల్లో ఆయన పేరు ఎన్నిసార్లు విన్నారో మీరే చెప్పండి.

పేర్లు చూసి మురవడానికి చెప్పట్లేదు ఇది. మా కౌమ్ మనిషి, మా కౌమ్ మనిషి అని చప్పట్లు కొట్టుకోవడం మనకి బాగా వచ్చు. ఉస్తాద్ చేతినుంచి షాగిర్ద్ చేతికి, ఆ షాగిర్దే ఉస్తాద్ అయి ఇంకో చేతికి, హునర్ అలా దిగుతూ వచ్చిన దారిని చూడమంటున్నా. ఆ దారిలో "అబ్ క్యా" అని ఆగిపోయే జాగా లేదు. అక్కడ ప్రశ్నే వేరు, "అబ్ కౌన్?" తర్వాత ఏం అని కాదు, తర్వాత ఎవరు అని.

ఇక మనవాళ్ల అసలు బహానా దగ్గరికొద్దాం. రంజాన్‌లో జకాత్ లెక్క కట్టడంలో మా గచ్చిబౌలి భాయిలు పక్కా. రెండున్నర శాతం, రూపాయి తేడా రాదు. ఫోన్‌లోంచి పంపిస్తారు, రసీదు వస్తుంది, దిల్ హల్కా అవుతుంది. అల్లాహ్ కబూల్ చేయాలి. కానీ రెండున్నర శాతం పైసలకేనా? వారానికి 168 గంటలు. అందులో రెండున్నర శాతం అంటే నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. ఇది షరియత్ లెక్క కాదు, ముఫ్తీ సాబ్‌లు నా మీదికి రావొద్దు. ఒక పత్రికలోడి కూడికలు, తీసివేతలు. ఆ నాలుగు గంటలు ఏమవుతున్నయో మీరే లెక్కేసుకోండి. గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ మీద జరిగే బహస్‌లకే సరిపోవట్లేదు.

పైసలు పంపినోడికి సుకూన్ వస్తుంది, అది ఈద్ దాకా ఉంటుంది. పిల్లకి లెక్క అర్థమయ్యేదాకా పక్కన కూర్చున్నోడికి సుకూన్ రాదు. ముందు చిరాకొస్తుంది, మెడ నొప్పొస్తుంది, ఆ పిల్ల మళ్లీ తప్పు చేస్తుంది. అయితే వచ్చే శనివారం ఎక్కడికి పోవాలో మాత్రం తెలిసిపోతుంది. బాల్కనీలో నిలబడ్డ మనిషికి ఇప్పుడు లేనిది అదే.

నాకు తెలిసిన ఒక ఉర్దూ మీడియం బడి ఉంది, పేరు రాయను, పేరు రాస్తే హెడ్‌మాస్టర్ సాబ్‌కి పై ఆఫీసునుంచి నోటీసొస్తుంది. టెన్త్‌లో ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఇరవై ఆరుగురు ఆడపిల్లలు. లెక్కల టీచర్ పోస్టు ఖాళీ. సోషల్ చెప్పే ఆపా ఒకామె గైడు చూసి తనే నేర్చుకుని, మర్నాడు వాళ్లకి చెప్తోంది. నా క్లాస్‌మేట్లలో మ్యాథ్స్ గోల్డ్ మెడలిస్ట్ ఒకడు గచ్చిబౌలిలో ఇరవై మూడో అంతస్తులో ఉంటాడు. "టీచింగ్ నాకు రాదురా, ఉర్దూలో టెర్మ్స్ మర్చిపోయా" అన్నాడు. ముసల్లస్ గుర్తుందా అనడిగా. త్రిభుజం అన్నాడు, వెంటనే. మరి ఇంకేం మర్చిపోయినట్టు?

శనివారం పొద్దున ఎనిమిదింటికి మెహదీపట్నం దగ్గర ట్రాఫిక్ పెద్దగా ఉండదు, గంటలోపే చేరొచ్చు. ఆపా మూడో చాప్టర్ దగ్గర ఆగింది. త్రికోణమితి ఇంకా మొదలవలేదు, పరీక్షలు మార్చిలో.