కోడు రాయనీకి పట్నమే పోవాలెనా?

మాదాపూర్‌ల పనిజేసే మన కరీంనగర్ పిలగాండ్లను కదిలిస్తే ఒకటే ముచ్చట. జీతం కిరాయికి, పొద్దు ట్రాఫిక్‌కు. 1998ల సైబర్ టవర్స్ తెరిచిన్నాటి నుంచి సాఫ్ట్‌వేరంటే హైదరాబాదే అన్నరు. 2020 లాక్‌డౌన్‌ల ఆ మాట తప్పని తేలింది. నిర్మల్‌ల, జగిత్యాలల ఇంట్ల కూసోనే అమెరికా పని జేసిండ్రు. పని ఆగలే.

అదే ఏడు కరీంనగర్‌ల ఐటీ టవర్ తెరిచిండ్రు. మంచిదే. కని ఒక్క బిల్డింగుతోని వలస ఆగుతదా? సింగరేణి బొగ్గు పాయె, రామగుండం కరెంటు పాయె, సదువుకున్న పిల్లలు గూడ పోవాలెనా? పట్నంల సర్కారు భూమి, రాయితీలు తీసుకునే ప్రతి కంపెనీ జిల్లాలల్ల గూడ ఆఫీసు పెట్టాలె. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నది ఒక్క రాజధాని కోసం కాదు. ఆదిలాబాద్‌ల కొలువు అడుగుడు భిక్షం కాదు, హక్కు.