వినిపించని వయొలిన్

కళారంగంలో కీర్తి సాధారణంగా వేదిక నడుమ నిలిచినవారినే వరిస్తుంది. కాని కొన్ని కళలు పేరు వినిపించని వారి శ్రమ మీదనే నిలబడతాయి. పాశ్చాత్య సంగీతంలోని సింఫనీ ఆర్కెస్ట్రా అటువంటిది.

కర్ణాటక సంగీత కచేరీలో గాయకుని పక్కన సాధారణంగా ఒకే వయొలిన్ ఉంటుంది. ఆ విద్వాంసుని ప్రతిభ శ్రోతకు స్పష్టంగా తెలుస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రాలోనైతే సుమారు 30 మంది వయొలిన్ వాద్యకారులు రెండు విభాగాలుగా కూర్చుంటారు. ఇద్దరిద్దరికి ఒక్కొక్క స్వరపత్రం ఉంటుంది. ఒక విభాగంలోని కమానులన్నీ ఒకే తీరున కదలాలి. ఒకరి నాదం విడిగా వినిపిస్తే అది దోషమే అవుతుంది. ఏళ్ల తరబడి సాధించిన విద్యను పదిమంది నాదంలో లీనం చేయడమే ఆ వృత్తిధర్మం.

ఈ ధర్మానికి మేలి మెహతా జీవితం చక్కని ఉదాహరణ. 1908లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించిన ఆయన 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించాడు. స్వస్థలంలో అంతటి స్థానం పొందిన తరువాత కూడా, నలభైయవ పడికి చేరువవుతున్న వయసులో, 1945లో కుటుంబాన్ని విడిచి న్యూయార్క్ వెళ్లి ఇవాన్ గెలామియన్ వద్ద శిష్యునిగా చేరాడు. అనంతరం ఇంగ్లండులోని మాంచెస్టరులో హాలే ఆర్కెస్ట్రాలో వాద్యకారుడయ్యాడు. 1959లో అమెరికాలోని ఫిలడెల్ఫియా చేరి, నలుగురు సభ్యుల కర్టిస్ వాద్యబృందంలో రెండవ వయొలిన్ వాయించాడు. సొంత ఆర్కెస్ట్రాను స్థాపించినవాడు రెండవ స్థానంలో కూర్చోవడం చిన్నతనమని భావించలేదు.

1964లో లాస్ ఏంజెలిస్ చేరిన మెహతా, అక్కడి విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, యువ వాద్యకారుల కోసం అమెరికన్ యూత్ సింఫనీని నెలకొల్పాడు. విద్యార్థి దశకూ వృత్తికీ నడుమనున్న అగాధానికి అది వంతెన అయింది. దాదాపు తొంభై ఏళ్ల వయసు వరకు, అంటే 1998 దాకా, ఆయన దానిని నడిపించాడు. 2002లో కన్నుమూశాడు. ఆయన కుమారుడు జుబిన్ మెహతా ప్రపంచ ప్రసిద్ధ సంగీత సంచాలకుడు. లోకం తండ్రిని కుమారుని పేరుతో గుర్తించడమే ఎక్కువ. కాని ఆయన తీర్చిదిద్దిన యువకులు ఎందరో వృత్తి ఆర్కెస్ట్రాలలో స్థానం సంపాదించారు. గురువు కీర్తికి అంతకు మించిన కొలత అవసరం లేదు.

అయితే ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. అమెరికన్ యూత్ సింఫనీ 2024లో ఆర్థిక ఇబ్బందుల వల్ల మూతపడింది. గురువు త్యాగం ఒక్కటే విద్యను కాపాడజాలదని ఈ సంఘటన హెచ్చరిస్తున్నది. విద్వాంసునికి శాలువా కప్పడం సులభం; శిష్యులు కలిసి సాధన చేసే చోటును ఏటేటా పోషించడం కష్టం. మొదటిది ఒక సాయంత్రంతో ముగుస్తుంది. రెండవదానికి నిధులు కావాలి, ఓర్పు కావాలి, ఫలం కోసం తొందరపడని మనసు కావాలి.

వెనుక వరుసలో కూర్చునే వాద్యకారులు చప్పట్లను ఆశించకుండా తమ ధర్మం నెరవేరుస్తారు. వారిని తయారుచేసే శిక్షణాలయాలను నిలుపుకోవడం సమాజ ధర్మం. ఆ ధర్మాన్ని విస్మరించిన నాడు, వేదిక నడుమ నిలిచే ప్రముఖుని వెనుక వాయించేవారే ఉండరు.