దీవి ఎవరి మోకాళ్ళకి తగ్గట్టు?

ఈ మధ్య నలుగురు కలిసినచోట వేసవి సెలవుల మాట వస్తే గ్రీసు పేరు వినబడుతోంది. గ్రీసంటే అందరికీ సాంటోరినీయే. తెల్లటి గోడలు, నీలం గుమ్మటాలు, సూర్యాస్తమయం. మా ఇంట్లోనూ అదే చర్చ. పిల్లలు సాంటోరిని అంటున్నారు, ఆయన నాలుగు దీవులు అంటున్నారు, నేను నాక్సోస్ ఒక్కటి చాలంటున్నాను.

కారణం మా అత్తయ్యగారి మోకాళ్ళు. సాంటోరిని అగ్నిపర్వతం బద్దలై మిగిలిన కొండ అంచు మీద కట్టిన ఊరు. పాత రేవు నించి ఫీరా ఊళ్ళోకి దాదాపు 600 మెట్లు. కేబుల్ కారు ఉంది, నిజమే. కానీ ఫోటోల్లో మురిపించే ఆ గుహ హోటళ్ళలో చాలావాటికి వీధిలోంచి గదికి వెళ్ళాలన్నా మెట్లే. పిల్లలు ఎగురుకుంటూ దిగుతారు. పెద్దావిడ ఒకసారి గదిలోకి దిగితే మళ్ళీ పైకి రావడానికి ఆలోచిస్తారు. "మీరు వెళ్ళిరండమ్మా, నేను సామాను చూస్తుంటా" అంటారు. అంతదూరం తీసుకెళ్ళి సామానుకి కాపలా పెట్టడమేనా మనం చేసే మర్యాద?

నాక్సోస్ సిక్లడీస్ దీవుల్లో అన్నిటికన్నా పెద్దది. పైన కోట ఉన్న పాత ఊరు ఎత్తుగానే ఉంటుంది కానీ, ఊరి పక్కనే ఇసుక తీరం ఉంది. నీళ్ళు లోతు తక్కువ. పెద్దావిడ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని నించోవచ్చు. రేవు దగ్గర క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలెట్టి పూర్తి చేయని గుడి ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంటుంది. సూర్యాస్తమయం అక్కణ్ణించీ కనిపిస్తుంది.

నాలుగు దీవుల సంగతి. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నించి నాక్సోస్‌కి మామూలు ఓడలో దాదాపు 5 గంటలు. దీవి మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, గది ఖాళీ చెయ్యడం, రేవులో పడిగాపులు. ఆ సర్దుడు ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో వేరే చెప్పాలా? పైగా జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. అది ముదిరితే ఓడలు ఆపేస్తారు. అందుకే తిరుగు విమానానికి ముందురోజు రాత్రికే ఏథెన్స్ చేరాలి. మన సెలవులుండే మే నెలైతే రద్దీ తక్కువ, ఎండ హాయి, సముద్రం మాత్రం ఇంకా చల్లగా ఉంటుంది. షెంగెన్ వీసాకి 6 నెలల ముందు నించే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి దీపావళి వెళ్ళాక కూర్చుంటే సరిపోతుంది.

ఇక తిండి. "వంటగది ఉన్న గది తీసుకుంటే డబ్బు కలిసొస్తుంది" అంటారు మగవాళ్ళు. కలిసొస్తుంది, నా సెలవుల్లోంచి! శాకాహారులకి అక్కడ అంత కరువేం లేదు. చర్చి ఉపవాసాల్లో మాంసం, గుడ్లు, పాలు మానేసే అలవాటు వాళ్ళకి తరతరాలుగా ఉంది. బియ్యం కూరిన టమాటాలు, బెంగళూరు మిరపకాయలు, ఆలివ్ నూనెలో ఉడికిన చిక్కుళ్ళు, మన ముద్దపప్పుకి చుట్టంలా ఉండే ఫావా దొరుకుతాయి. కూరిన వాటిలో ఒక్కోసారి కైమా కలుపుతారు, అడిగి తినాలి. పొద్దున అటుకులు నానబెట్టడానికి ఒక కెటిల్ చాలు.

గ్రీకు పురాణంలో అరియాడ్నే నిద్రపోతుంటే థీసియస్ ఆమెని వదిలేసి ఓడెక్కి పోయింది ఈ నాక్సోస్‌లోనేనట. మనవాళ్ళ ప్రయాణాల్లోనూ ఇలా వెనక ఉండిపోయేవాళ్ళు ఒకరుంటారు, నిద్రపోతూ కాదు, గదిలో మెలకువగానే. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు అడిగి, ఆ తరవాతే టిక్కెట్లు కొనండి. మా అత్తయ్యగారు "అక్కడ సముద్రం మెట్లు లేకుండా ఉంటుందా?" అని మాత్రం అడిగారు. మా ఇంటి ఓటు అక్కడే తేలిపోయింది.