నానో పొడి వాళ్ళది, నీళ్ళు మనవి



నానో అనే మాట మనకు కొత్త కాదు. 2021లో నానో యూరియా వచ్చింది. మా ఊరి డీలరు బస్తా అడిగిన ప్రతివాడికీ ఒక సీసా అంటగట్టాడు. ఎందుకయ్యా అంటే "పైనుంచి అలా వచ్చింది" అన్నాడు. ఇప్పుడు నానో చమురు బావుల దాకా వస్తోంది. ఈసారి సీసాతో పోదు.

సంగతేమిటంటే, భూమిలో చమురు చెరువులా నిలిచి ఉండదు. రాతి సందుల్లో పట్టుకుని ఉంటుంది. నీళ్ళు ఎక్కించి నెట్టినా చాలాచోట్ల సగానికి పైగా రాతికే అంటుకుని మిగిలిపోతుంది. దాన్ని వదిలించడానికి అల్యూమినియం, టైటానియం, జింకు, ఇనుము ఆక్సైడ్లను వెంట్రుక మందంలో వెయ్యో వంతు రేణువులుగా చేసి నీళ్ళలో కలిపి లోపలికి పంపుతారు. రాతికి నీళ్ళు పట్టి చమురు పట్టు వదులుతుంది.

శాస్త్రాన్ని నేను తప్పుపట్టను. మన దేశం ముడిచమురులో 85 శాతానికి పైగా బయట కొంటోంది. నా ట్రాక్టరూ డీజిలుతోనే నడుస్తుంది. కానీ ఈ పని ఇప్పటిదాకా ఎక్కువగా ప్రయోగశాలల్లో, రాతి ముక్కల మీదే జరిగింది. తర్వాతి ప్రయోగశాల మన వరిచేను కాకూడదు.

పాత బావుల నుంచి అదనంగా తీసే చమురుపై సెస్సులో సగం మాఫీ అని కేంద్రం 2018లోనే విధానం తెచ్చింది. 2020 జనవరిలో అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ ఎత్తేసింది. కంపెనీకి మాఫీ, మన నోటికి తాళం!

బావి అంటే ఏమిటో కోనసీమకు తెలుసు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. కంటికి కనబడే గ్యాస్ పైపునే కాపాడలేనివాళ్ళు కనబడని పొడికి కాపలా కాస్తారా?

లోపలికి పంపిన నీళ్ళు చమురుతో పాటు ఉప్పుతో పైకి వస్తాయి. రేణువులు కొన్ని రాతిలో ఉండిపోతాయి, కొన్ని ఆ నీళ్ళతో వస్తాయి. "జింకు వరికి మంచిదేగా" అంటారు. మంచిదే, అందుకే ఎకరాకు ఇంతని కొలిచి చల్లుతాం. అదే జింకు ఆక్సైడ్ నానో రేణువులు నీటిలోని నాచును, చిన్న ప్రాణుల్ని దెబ్బతీస్తాయని ప్రయోగశాలల్లోనే తేలింది. వాటిని తిని బతికే చేపలూ రొయ్యలూ మన చెరువుల్లోవే.

ఒక బావి పక్కన మా బావమరిది చేను ఉప్పెక్కింది. అడిగితే "మీ నేల ముందునుంచీ ఇంతే" అన్నారు. ముందు ఎలా ఉండేదో చూపే కాగితం అతని దగ్గర లేదు. నోరు మూతపడింది.

అందుకే మన డిమాండ్లు ఇవి. బావిలోకి ఏం పంపుతున్నారో, ఎంత పంపుతున్నారో పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. పని మొదలెట్టక ముందు, తర్వాత ప్రతి పంటకూ, మన కళ్ళముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. ఆ ఖర్చు కంపెనీదే. నష్టపరిహారం సొమ్ము ముందే డిపాజిట్ చేయాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క చుక్క దిగకూడదు.

గొంతెమ్మ కోరికలు కావివి. కావేరి డెల్టా రైతులు పోరాడితే తమిళనాడు 2020లో దాన్ని రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసింది. అక్కడ కొత్తగా చమురు, గ్యాస్ తవ్వకాలకు చోటు లేదు. గోదావరి డెల్టా అంతకన్నా తీసికట్టా?

వాళ్ళు వచ్చేదాకా ఆగొద్దు. ఈ నెలలోనే మీ బోరు నీళ్ళు, చేలో మట్టి పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. రేపు "ముందునుంచీ ఇంతే" అన్నవాడి ముందు పెట్టాల్సింది ఆ కాగితాన్నే.