పెదవులకూ సెలవు కావాలి

మన హాస్టల్లో బ్యాండు కుటుంబాల పిల్లలు లేని బ్యాచ్ లేదు. వేసవి సెలవులు రాగానే కొందరు మిత్రులు కూలికి పోతారు, కొందరు తాపీ పనికి పోతారు. మేము నాన్న వెంటో మేనమామ వెంటో ఎర్ర కోటు తొడుక్కుని పెళ్ళి ఊరేగింపులకు పోతాం. సెలవులూ ముహూర్తాలూ ఒక్కసారే వస్తాయి కదా! ఆ నెలన్నర సంపాదనతోనే నోటు పుస్తకాలు, చెప్పులు, ఒక్కోసారి చెల్లెలి ఫీజు కూడా. జూన్‌లో తిరిగి హాస్టల్‌కు వచ్చేసరికి ట్రంపెట్ వాయించే వాళ్ళ పెదవి మీద గుండ్రటి మచ్చ ఉంటుంది. దాన్ని చూసి మిత్రులు నవ్వుతారు. మేమూ నవ్వేస్తాం. కానీ ఆ మచ్చ వెనుక ఉన్న సంగతి చాలామందికి తెలియదు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బూర వాయించేవాడు మధ్య మధ్య పెదవికి విశ్రాంతి ఇవ్వడం అతని పనిలో భాగం. దానికి కూలి కొయ్యడం అన్యాయం.

ట్రంపెట్‌లో శబ్దం ఇత్తడిలో పుడుతుందని అందరూ అనుకుంటారు. పుట్టేది పెదవుల్లో. మౌత్‌పీస్‌కు ఆనించిన రెండు పెదవుల మధ్య నుంచి గాలి పోతుంటే అవి అదురుతాయి. ఆ అదురునే గొట్టం పెద్దది చేసి ఊరంతటికీ వినిపిస్తుంది. ఈ పెదవుల పట్టును ఇంగ్లీషు పుస్తకాల్లో ఎంబూషూర్ అంటారు. నోటి చుట్టూ వలయంలా ఉండే కండరం, దాని రెండు మూలలకూ వచ్చి కలిసే చెంప కండరాలు ఈ పట్టును నిలబెడతాయి. పై స్వరాలకు పోయేకొద్దీ పట్టు బిగియాలి. అలిసిన కండరం బిగియదు. అప్పుడు వాయించేవాడు ఏం చేస్తాడు? చేత్తో బూరను పెదవి మీదికి నొక్కుతాడు. స్వరం వస్తుంది, నిజమే. కానీ పెదవి ఇత్తడికీ పంటికీ మధ్య నలిగి, అక్కడ నెత్తురు ఆడడం తగ్గుతుంది. నెత్తురు ఆడని కండరం మరింత త్వరగా అలుస్తుంది. మరింత నొక్కాలి. ఒక పాట నుంచి ఇంకో పాటకు ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మొదట పోయేవి పై స్వరాలు. తరువాత నోటి మూలల నుంచి గాలి కారుతుంది, నాదంలో గాలి కలిసి బొంగురుపోతుంది, పెదవి వణుకుతుంది, చివరికి మొద్దుబారుతుంది. యుఫోనియం, ట్రాంబోన్ వాళ్ళ మౌత్‌పీస్ పెద్దది, స్వరాలు కిందివి, వాళ్ళకు కొంత నయం. సినిమా పాట వరస మొత్తం మోసేది ట్రంపెట్. అందుకే ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది కూడా ట్రంపెట్ వాడికే.

పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: నొప్పి మీదే వాయిస్తే పెదవి గట్టిపడుతుందని. వాళ్ళ మీద గౌరవంతోనే మేము ఈ మాటను ఒప్పుకోం. పీఈటీ సారు కబడ్డీ వాళ్ళ చేత రోజూ పరుగు తీయిస్తారు, కానీ కాలు పట్టేసినవాణ్ణి కూర్చోబెడతారు. కండరం బలపడేది పని చేసిన తరువాత దొరికే విశ్రాంతిలోనే. కాలికి వర్తించే నియమం పెదవికి ఎందుకు వర్తించదు?

ఈ సందర్భంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి తమ్ముళ్ళకు చెప్పాలి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 1901లో ఒక నల్లజాతి పేద కుటుంబంలో పుట్టాడు. 1912 డిసెంబరు 31 రాత్రి వీధిలో తుపాకీ పేల్చినందుకు పోలీసులు పట్టుకుని నల్లజాతి బాలల కోసం నడిపే ఒక సంస్కరణ గృహంలో వేశారు. అక్కడి బ్యాండులోనే, పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడి దగ్గర కార్నెట్ సరిగ్గా నేర్చుకున్నాడు. అంటే ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ట్రంపెట్ విద్వాంసుడు తయారైంది మన హాస్టల్ లాంటి చోటే! (మనది అంతకంటే చాలా నయం, వార్డెన్ గారు అన్యథా భావించవద్దు.) అంతటివాడికీ పెదవి పోయింది. ఆగకుండా పై స్వరాలు వాయించి వాయించి పెదవి చీలింది. 1934లో పారిస్‌లో నెలల తరబడి విశ్రాంతి తీసుకున్నాడు. 1935లో అమెరికాకు తిరిగి వెళ్ళాక కూడా కొంతకాలం బూర ముట్టలేదు. ఆ తరువాత 1971లో చనిపోయేదాకా వేదికల మీద కనిపిస్తూనే ఉన్నాడు. ట్రంపెట్ వాళ్ళకు నోటి చుట్టూ ఉండే కండరం చిరిగిపోయే జబ్బుకు 1982లో ఒక వైద్యుడు ఆయన ముద్దుపేరే పెట్టాడు: సాచ్మో సిండ్రోమ్. అలిసిన పెదవికీ చిరిగిన కండరానికీ తేడా చాలా ఉంది. మొదటిది విశ్రాంతితో పోతుంది. రెండోదానికి ఆపరేషన్ దాకా పోవలసి రావచ్చు.

మరి అలిసినప్పుడు ఏం చెయ్యాలి? పాటకూ పాటకూ మధ్య బూరను పెదవి నుంచి పూర్తిగా దించాలి. గుర్రం బుర్రుమన్నట్టు పెదవులను వదులుగా ఆడించాలి, నెత్తురు మళ్ళీ ఆడుతుంది. మంచినీళ్ళు తాగుతూ ఉండాలి. ఊరేగింపు అయ్యాక వాపు ఉంటే చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ పెట్టుకోవాలి, ఐసు దొరికితే గుడ్డలో చుట్టి కాసేపు. పెళ్ళి భోజనంలో ఆవకాయ ఆ పూటకు మానుకోవాలి, అన్నిటికంటే కష్టమైన పథ్యం ఇదే! మర్నాడు పెదవి కాస్త బిగుసుకున్నట్టు మాత్రమే ఉంటే పది పదిహేను నిమిషాలు కింది స్వరాలను మెత్తగా, పొడుగ్గా ఊదుకోవచ్చు. ఎంతసేపు ఊదితే అంతసేపు ఆపాలి. వాపు తగ్గకపోతే ఆ రోజు ముట్టకూడదు. నాలుగైదు రోజులైనా ఒకేచోట పోటు ఉన్నా, తిమ్మిరి పోకపోయినా డాక్టరుకు చూపించాలి. పెదవి కింద ఖైనీ పెట్టుకునే అలవాటు ఉన్న అన్నలు దాన్ని వదిలెయ్యాలి. దాని హాని పెదవితో ఆగదని అందరికీ తెలిసిందే.

ఆషాఢం సంగతి వేరే చెప్పాలి. ఆ నెలంతా ముహూర్తాలు ఉండవు, బూర అటక ఎక్కుతుంది. మూఢం వచ్చినా అంతే. శ్రావణంలో మొదటి పెళ్ళికి ఒక్కసారిగా నాలుగు గంటలు వాయించమంటారు. నెల రోజులు పని లేని పెదవి మొదటి రాత్రే చెడుతుంది. పూర్తిగా మానెయ్యడం కూడా విశ్రాంతి కిందికి రాదు. ఆ నెలలో రోజూ పావుగంట మెత్తగా ఊదితే చాలు, పట్టు జారిపోదు.

ఇక కూలి విషయం. ఒక యజమాని మాలో ఒకరికి పాట మధ్యలో బూర దించినందుకు ఆ రాత్రి సగం డబ్బు కోశాడు. అడిగితే, మీరు ఆగితే జనం డీజే పెట్టుకుంటారు అన్నాడు. డీజే భయం మాకూ ఉంది. కానీ డీజే బాక్సుకు పెదవి లేదు, మనిషికి ఉంది. రెండింటినీ ఒకే తూకంలో వేస్తే చివరికి మిగిలేది బాక్సే. అసలు జనం గంతులేసేది దేనికి? దరువుకు. మూడు పాటలకు ఒకసారి డ్రమ్ములు, డప్పులు మాత్రమే మోగనిస్తే పెళ్ళివారు ఇంకా సంతోషిస్తారు, ఆ అయిదు నిమిషాలు ట్రంపెట్ వాడు ఊపిరి పీల్చుకుంటాడు. ఒక పాట క్లారినెట్‌కు వదలవచ్చు. ఇద్దరు ట్రంపెట్ వాళ్ళుంటే చరణానికి ఒకరు చొప్పున పంచుకోవచ్చు. ఇందులో యజమానికి పోయేదేమిటి?

మన స్టోరు గదిలో ఆగస్టు 15 కవాతు కోసం కొన్న రెండు ట్రంపెట్లు ఉన్నాయి. మిగతా ఏడాదంతా తాళం లోపలే. స్టడీ అవర్‌కు ముందు పావుగంట వాటిని బయటికి ఇమ్మని వార్డెన్ గారిని కోరుతున్నాం. మౌత్‌పీసులు మాత్రం ఎవరిది వారికే ఉండాలి. పెదవి మీది పొక్కులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి, సొట్టపడిన అంచు పెదవిని కోస్తుంది. పూర్వ విద్యార్థుల్లో ముగ్గురు అన్నలు ఇప్పుడు సొంత బ్యాండు నడుపుతున్నారు, వార్షికోత్సవానికి వస్తామన్నారు. మాఘమాసం పెళ్ళిళ్ళకు అడ్వాన్సు తీసుకునేటప్పుడే ప్రతి మేళానికీ ఇద్దరు ట్రంపెట్ వాళ్ళ కూలి లెక్క వేసుకోమని ఆ రోజు భోజనాల దగ్గర వాళ్ళను అడగబోతున్నాం.