ట్రాక్టరు రోడ్డెక్కే ముందు కొక్కెం వేయాలి

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు మహిళలు. ఇటువంటి ఘోరం జరిగినప్పుడల్లా ‘డ్రైవరు అజాగ్రత్త’ అని ఒక్క మాట అనుకుని ఊరుకోవడం పరిపాటి అయింది. జాగ్రత్త అంటే ఏమిటో డ్రైవర్లకు విడమరచి చెప్పేవారు మాత్రం కరువయ్యారు.

ట్రాక్టరుకు కుడికాలి దగ్గర రెండు బ్రేకు పెడళ్లుంటాయి. ఒకటి ఎడమ వెనుక చక్రాన్ని, రెండవది కుడి వెనుక చక్రాన్ని ఆపుతుంది. దున్నేటప్పుడు సాలు చివర ఒక చక్రాన్ని ఆపి, ఇరుకులో బండిని మలపడానికే ఈ ఏర్పాటు. రోడ్డుమీద వేగంగా పోతూ ఒక్క పెడలే తొక్కితే బండి ఆ పక్కకు గిరుక్కున తిరుగుతుంది. అందుకే రెంటినీ కలిపే కొక్కెం పెట్టారు. చేను దాటి రోడ్డెక్కే ముందు దాన్ని వేయడం నిమిషం పని కూడా కాదు. కొక్కెం వేశాక ఖాళీ రోడ్డుమీద నెమ్మదిగా పోతూ బ్రేకు తొక్కి చూడాలి. బండి ఒక పక్కకు లాగితే మెకానిక్కుకు చూపించవలసిందే.

చాలా ట్రైలర్లకు సొంత బ్రేకు ఉండదు. ట్రాక్టరు ఆగినా వెనుక బరువు ఆగదు, ముందుకు నెడుతుంది. డీజిలు ఆదా అవుతుందని వాలులో న్యూట్రల్ చేసేవారున్నారు. అలా చేస్తే ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకులమీద పడుతుంది. క్లచ్ నొక్కి వదిలినా అంతే. వాలు మొదలు కాకముందే చిన్న గేరు వేసుకుని, చివరిదాకా ఆ గేరులోనే దిగాలి.

వేగం రెట్టింపయితే బ్రేకు తొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. కాలు పెడలు మీద పడేలోగానే ఆ దూరం దాటిపోతుంది. మలుపు రాకముందే వేగం తగ్గించాలి గాని, మలుపులో గట్టిగా బ్రేకు తొక్కరాదు.

కాలువ గట్టుమీద ఒక చక్రం అంచు దిగితే కంగారుపడి స్టీరింగును ఒక్కసారిగా తిప్పరాదు. రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఇంజను పట్టుతోనే వేగం తగ్గించి, ఆపాలి. మెత్తటి అంచున మళ్లీ పైకెక్కించే సాహసం చేసే ముందు ట్రైలరులో ఉన్నవారిని దింపాలి.

అసలు ట్రైలరు సరుకు మోసే బండి. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పదు. నాట్ల వేళకు చేనికి చేరాలంటే ట్రాక్టరే దిక్కని రైతులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కాని ఒక్క కుదుపుకు కూలినాలి చేసుకునే కుటుంబాలు దిక్కులేనివవుతాయి. పని రోజులలో కూలీలకు ఆటోలు కుదర్చడం రైతులు కలిసి చేసుకోదగిన పనే.

పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాళ్లకు, లైసెన్సు లేనివారికి తాళం ఇవ్వకుండా యజమానులు గట్టిగా ఉండాలి. రవాణా శాఖ అధికారులు సీజనుకు ముందే ఊరూరా డ్రైవర్లను సమావేశపరిచి, బండి దగ్గరే నిలబెట్టి ఈ మెళకువలు చూపించాలి. గట్ల అంచున రాళ్లు పాతించే పని పంచాయతీలు, నీటిపారుదల శాఖ చేపట్టాలి. శవాలు లేచాక ప్రకటించే సాయంకంటే ఈ పనులకయ్యే ఖర్చు తక్కువే.