ఇటుక తిప్పే చేతుల వయసు: సింగరేణి యాజమాన్యానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సింగరేణి కాలరీస్ కంపెనీ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

బాలల అక్రమ రవాణా అన్నప్పుడు ‘రవాణా’ అనే మాట దృష్టిని రైళ్ల వైపు, సరిహద్దుల వైపు మళ్లిస్తుంది గానీ, 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి 2011లో భారతదేశం ధ్రువీకరించిన ఒప్పందం ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు వారిని దోపిడీ కోసం పనికి కుదర్చడం, తరలించడం, దాచి ఉంచడం, చేర్చుకోవడం అన్నీ ఆ నిర్వచనంలోకే వస్తాయి. పెద్దల విషయంలో బలవంతమో మోసమో జరిగిందని చూపవలసి ఉండగా పిల్లల విషయంలో ఆ అవసరం లేదు కనుక, తల్లిదండ్రులు ఒప్పుకున్నారన్న జవాబుతో ప్రశ్న ముగిసిపోదు.

రామగుండం, గోదావరిఖని వాసులకు ఇది దూరపు సంగతి కాదు. పెద్దపల్లి జిల్లా ఇటుక బట్టీలకు ఏటా ఒడిశాలోని బలంగీర్, నువాపడా వంటి కరువు జిల్లాల నుంచి కుటుంబాలు వలస వస్తాయి. నువాఖాయ్ అనే కొత్త పంట పండుగ రోజుల్లో సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారీ, చేతిలో పెట్టిన అడ్వాన్సు తీరేదాకా కుటుంబం బట్టీ విడిచి వెళ్లలేకపోతే, ఆ స్థితినే 1976 నాటి చట్టం వెట్టిచాకిరీగా గుర్తించి రద్దు చేసింది. కూలిని వెయ్యి ఇటుకల లెక్కన కట్టడం వల్ల, పచ్చి ఇటుకలను ఎండలో తిప్పి ఆరబెట్టే చిన్న చేతుల శ్రమ కూడా తండ్రి లెక్కలోనే కలిసిపోతుంది. బిడ్డ పేరు ఏ రిజిస్టరులోనూ కనిపించదు. తెలంగాణ పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పిల్లలను విడిపిస్తున్నారు, అది మెచ్చవలసిన కృషి. అయితే బట్టీల పని సుమారుగా నవంబరులో మొదలై వానలతో ఆగిపోతుంది కనుక, జూలై వచ్చేనాటికి ఆ కుటుంబాలు ఊరు చేరి ఉంటాయి. మిగిలిన నెలల్లో ఆ పిల్లలను చూసేది లారీ డ్రైవరు, కిరాణా కొట్టు యజమాని, ఆశా కార్యకర్త, దారిన పోయే గని కార్మికుడు మాత్రమే. ఇళ్లలో పనికి కుదిర్చిన పన్నెండేళ్ల పిల్ల అయితే పక్కింటివారికి తప్ప మరెవరికీ కనిపించదు. ఇంటిపనిలోనూ హోటళ్లలోనూ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నిషిద్ధం.

చూసినవారు ఏం చేయాలన్నది గని కార్మికులకు కొత్తగా నేర్పనక్కరలేదు. భూగర్భంలో పైకప్పును కర్రతో తట్టి, డొల్ల చప్పుడు వినిపిస్తే పని ఆపి పై అధికారికి తెలియజేసే కార్మికుడు, కప్పు కూలుతుందని ముందుగా రుజువు చేయనక్కరలేదు. పిల్లల విషయంలోనూ పౌరుడి పని దర్యాప్తు కాదు, తెలియజేయడమే. పిల్లల సహాయ నంబరు 1098 అన్ని వేళలా పనిచేస్తుంది, ఉచితం. ఫోన్ చేసినవారు పేరు చెప్పనవసరం లేదు. రామగుండం రైల్వే స్టేషన్‌లో తోడు లేకుండా, దారి తప్పినట్లు కనిపించిన బిడ్డను తమ వద్దకు తీసుకున్నవారు 24 గంటల్లో సమాచారం ఇవ్వడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం వారి విధి కూడా. యజమానిని నిలదీస్తే బిడ్డను రాత్రికి రాత్రే మరో చోటికి మార్చే ప్రమాదం ఉంది. వీడియో తీసి పంచితే బిడ్డ గుర్తింపు బయటపడుతుంది, దానిని అదే చట్టం నిషేధించింది.

సంస్థను కోరేది మూడు షిఫ్టుల మస్టరు వద్ద రక్షణ సూచనలతో పాటు ఈ మాటలూ చెప్పించమని, ఏరియా ఆసుపత్రుల సిబ్బందికి ఈ విధులు తెలియజేయమని, అన్నిటికన్నా ముఖ్యంగా నిర్మాణ పనుల టెండర్లలో ఇటుక ఏ బట్టీ నుంచి వచ్చిందో, అక్కడ పిల్లలు పనిచేయలేదని ఎవరు తనిఖీ చేశారో కాంట్రాక్టరు చూపాలన్న షరతు చేర్చమని. నవంబరులో బట్టీలు రాజుకోకముందే ఇది మొదలైతే ఈ సీజను పిల్లలకే అక్కరకు వస్తుంది.

భవదీయులు,
గోదావరిఖని పౌరులు